అయిదొందలు దాటకూడదు!

సంతకి బయల్దేరుతూ కొంగుముడి విప్పి చూసుకుంది అమ్మ. అయిదొందల నోటు ఒక్కటే ఉంది. అరుగు మీద కూర్చుని లెక్కల పుస్తకంతో కుస్తీపడుతున్న పదో తరగతి కూతురు తలెత్తింది.

‘‘ఎండునెత్తళ్లు ఎన్ని పొట్లాలు తెత్తావే అమ్మా?’’

‘‘ఆటోకి రానూపోనూ నలభై. నూనె పేకట్టు నూటరవై. నెత్తళ్లు పొట్లం డెబ్భై అంతన్నారు. నాలుగొత్తాయే అమ్మీ. ఇరవై మిగుల్తాది, నీకు పెన్ను తెత్తాను.’’

‘‘అయిదు తేలేవా?’’

‘‘ఇంకో యాభై కావాల. ఎవుడిత్తాడు?’’

అరనిమిషంలో తేలిపోయింది లెక్క. కాగితం లేదు, పెన్సిల్ లేదు. అమ్మ గుమ్మం దాటింది. కూతురు మళ్లీ పుస్తకంలోకి తలదూర్చింది. అక్కడున్న ప్రశ్న ఇదీ: ‘ఒక వ్యక్తి వద్ద రూ.500 కలవు. ప్రయాణానికి రూ.40, ఒక వస్తువుకు రూ.160 ఖర్చగును. మిగిలిన సొమ్ముతో ఒక్కొక్కటి రూ.70 చొప్పున గరిష్ఠంగా ఎన్ని పొట్లాలు కొనగలడు?’ పావుగంటైనా ఆ పిల్ల పెన్సిల్ కదల్లేదు!

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరి అరుగు మీదైనా ఇలాంటి దృశ్యం కనిపించొచ్చు. అమ్మ నోటితో చేసిన లెక్కా, బిడ్డ కాగితం మీద చేయలేకపోయిన లెక్కా ఒక్కటే. దానికి బడిలో పెట్టిన పేరు ‘అసమీకరణం’. పేరు వినగానే పిల్లలు భయపడతారు. కానీ నెలాఖరును నెట్టుకొచ్చే ప్రతి ఇల్లూ రోజూ చేసే లెక్క అదే.

ఒక్క గీత తేడా

సమీకరణం అందరికీ తెలిసిందే. మధ్యలో సమాన గుర్తు ఉంటుంది. అటూ ఇటూ సరిగ్గా తూగాలి. కానీ ఇంటి ఖర్చులు అలా సరిగ్గా తూగుతాయా? అయిదొందలు తీసుకెళ్లిన అమ్మ అయిదొందలూ ఖర్చుపెట్టి తీరాలని రూలేమీ లేదు. దాటకూడదు... అంతే. ఆ ‘దాటకూడదు’ అన్న మాటకే గణితంలో ≤ అని గుర్తు. ‘తక్కువ, లేదా సమానం’ అని అర్థం. తిరగేస్తే ≥. అంటే ‘ఎక్కువ, లేదా సమానం’.

<, > గుర్తులు మొదట అచ్చులో కనిపించింది 1631లో. థామస్ హారియట్ అనే ఇంగ్లండ్ గణితవేత్త చనిపోయిన పదేళ్లకు వెలువడిన ఆయన పుస్తకంలో. వాటి కింద గీత చేర్చి ‘సమానం కూడా కావచ్చు’ అనే అర్థాన్ని 1734లో ఇచ్చినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ బూగే. గుర్తులకు నాలుగొందల ఏళ్లే కావచ్చు... ఆ ఆలోచన మాత్రం సంత పుట్టినప్పటినుంచీ ఉన్నదే.

ఇప్పుడు అమ్మ లెక్కను కాగితం మీద పెడదాం. పుస్తకాల్లో తెలియని సంఖ్యను ‘ఎక్స్’ అంటారు. పొట్లాల సంఖ్య కాబట్టి మనం ‘ప’ అనుకుందాం.

40 + 160 + 70ప ≤ 500

ఆటో, నూనె తప్పని ఖర్చులు. రెండూ కలిపి 200. వాటిని అవతలికి పంపిస్తే...

70ప ≤ 300

రెండు వైపులా 70తో భాగిస్తే ప ≤ 4.28. పొట్లంలో పావు భాగం ఎవరూ ఇవ్వరు. కాబట్టి చుక్క తర్వాతి అంకెలు వదిలేయాలి. జవాబు నాలుగు. అమ్మ చెప్పిందీ అదేగా!

అయితే చుక్క తర్వాతి అంకెల్ని ప్రతిసారీ వదిలేయడం కుదరదు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఓ ఊరినుంచి యాభై మంది బయల్దేరారనుకుందాం. వ్యానుకు 12 మంది పడతారు. ఎన్ని వ్యాన్లు కావాలి? 12వ ≥ 50. అంటే వ ≥ 4.16. ఇక్కడ చుక్క తర్వాతిది వదిలేసి నాలుగు వ్యాన్లే మాట్లాడితే ఇద్దరు ఊళ్లోనే ఉండిపోవాలి. కాబట్టి అయిదు. ‘మించకూడదు’ అన్నప్పుడు కిందికి, ‘సరిపోవాలి’ అన్నప్పుడు పైకి... పరీక్షలో పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇదేదో బట్టీ పట్టాల్సిన సూత్రం కాదు. సంతలో ఉన్నామా, వ్యాను ఎక్కుతున్నామా అని ఒక్కసారి ఊహించుకుంటే చాలు.

ఒకటి కాదు... పది జవాబులు

అసమీకరణంలోని అసలు అందం వేరే ఉంది. సమీకరణం సాధారణంగా ‘ఇదీ జవాబు’ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది. అసమీకరణం అలా కాదు. ‘ఇంతమేరకు నీ ఇష్టం’ అంటుంది.

బడి తెరిచే రోజులు. ఇంట్లో నోటుపుస్తకాలకూ పెన్నులకూ రెండొందలు తీసిపెట్టారు. నోటుపుస్తకం 40 రూపాయలు, పెన్ను 10. కనీసం మూడు పుస్తకాలు, రెండు పెన్నులు కావాలి. ఎన్ని రకాలుగా కొనొచ్చు? మూడు పుస్తకాలు కొంటే 120 పోగా 80 మిగులుతుంది. పెన్నులు రెండు నుంచి ఎనిమిది వరకూ ఎన్నైనా తీసుకోవచ్చు. అంటే ఏడు దారులు. నాలుగు పుస్తకాలు కొంటే మిగిలేది 40. పెన్నులు రెండో మూడో నాలుగో. ఇంకో మూడు దారులు. అయిదు పుస్తకాలు కొంటే పెన్నుకు పైసా మిగలదు. మొత్తం పది దారులన్నమాట.

ఇప్పుడు నోటుపుస్తకం ధర 40 నుంచి 50కి పెరిగింది. మూడు పుస్తకాలకు 150. మిగిలిన 50తో పెన్నులు రెండు నుంచి అయిదు వరకూ... నాలుగే దారులు. నాలుగో పుస్తకం కొంటే పెన్నులకేమీ మిగలదు. ధర పెరిగింది పది రూపాయలే. కానీ పది దారులు నాలుగయ్యాయి!

ధర పెరిగితే ‘ఖర్చు పెరిగింది’ అనుకుంటాం. నిజానికి ఈ ఇంట్లో ఖర్చు పెరగలేదు. అదే రెండొందలు. తగ్గింది ఎంచుకునే వీలు. లేమి అంటే చేతిలో డబ్బు తక్కువ కావడమొక్కటే కాదు, ‘అదైనా తీసుకోవచ్చు, ఇదైనా తీసుకోవచ్చు’ అనే చోటు ఇరుకైపోవడం. ఆ ఇరుకును కళ్లకు కట్టేది ఈ చిన్న లెక్కే.

పాత సిలబస్‌లో పదో తరగతి చదివినవాళ్లకు లెక్కల మొదటి పేపరులో లీనియర్ ప్రోగ్రామింగ్ గ్రాఫు గుర్తుండే ఉంటుంది. గీతలు గీసి, మధ్యలో మిగిలిన చోటును పెన్సిల్‌తో నింపడం... ఆ నింపిన భాగమే ఈ పది దారులుండే చోటు. మార్కుల కోసం ఆ బొమ్మ గీసినవాళ్లలో అది తమ ఇంటి బొమ్మేనని ఎందరికి తోచిందో!

ఇదేం తేలిక లెక్క కాదు సుమా! అన్ని పోషకాలూ అందేలా ఒక మనిషి ఏడాది పాటు అతి తక్కువ ఖర్చుతో ఎలా తినొచ్చు అన్న ప్రశ్నతో అమెరికా ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 77 రకాల ఆహార పదార్థాలను ముందేసుకున్నాడు. 1945లో ఆయన ప్రకటించిన జవాబు, 1939 ధరల్లో, ఏడాదికి 39.93 డాలర్లు. 1947లో జార్జ్ డాంట్జిగ్ కనిపెట్టిన పద్ధతితో తొమ్మిదిమంది గుమస్తాలు చేతి యంత్రాలు పెట్టుకుని మళ్లీ లెక్కగట్టారు. అందరి పనీ కలిపి 120 రోజులు పట్టింది. తేలింది 39.69 డాలర్లు. తేడా పాతిక సెంట్లు కూడా లేదు. సరుకుల చీటీలో ఏది కొట్టేసి ఏది ఉంచాలా అని లెక్కవేసే ఇల్లాలు చేసేదీ ఆ కోవలోదే. ఆమెకు తొమ్మిదిమంది గుమస్తాలుండరు, అంతే.

వలస బండి ఎక్కేముందు

ఉత్తరాంధ్ర ఇళ్లలో ఇంతకన్నా పెద్ద లెక్క ఇంకోటుంది. ఊళ్లో ఉండాలా, పనికోసం చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్లాలా? ఇక్కడున్న అంకెలు లెక్క కోసం అనుకున్నవే.

ఊళ్లో కూలి రోజుకు 500. అక్కడ 800. అక్కడ గది అద్దెకూ తిండికీ రోజుకు 200 పోతుంది. రానూపోనూ ఛార్జీలు, చేతిఖర్చు కలిపి 3,000. ఎన్ని రోజులు పనిచేస్తే వెళ్లినందుకు లాభం? రోజుల్ని ‘ర’ అనుకుందాం.

800ర − 200ర − 3,000 > 500ర

సర్దితే 100ర > 3,000. అంటే ర > 30. నెల దాటి పనిచేస్తేనే వెళ్లినందుకు నాలుగు డబ్బులు మిగులుతాయి. నలభై అయిదు రోజులకు ఊళ్లోకంటే ఎక్కువ వచ్చేది కేవలం 1,500. ‘ఈమాత్రానికి అంతదూరం ఎందుకు?’ అనిపిస్తుంది.

మరి బస్సులూ రైళ్లూ ఎందుకు నిండుతున్నాయి? లెక్కలో ఓ మాట మరిచిపోయాం. ఊళ్లో రోజూ పని ఉండదు. రెండు రోజులకు ఒక రోజే దొరుకుతుందనుకుంటే, ఊళ్లో సగటున రోజుకు వచ్చేది 250. అప్పుడు...

600ర − 3,000 > 250ర

350ర > 3,000. ర > 8.57. అంటే తొమ్మిది రోజులకే వలస గిట్టుబాటవుతుంది! ముప్ఫై ఎక్కడ, తొమ్మిది ఎక్కడ? మనుషుల్ని బండెక్కిస్తున్నది అక్కడి కూలి ఒక్కటే కాదు, ఇక్కడ పని దొరకని రోజులూ. ఊళ్లో పనిదినాలు పెరిగితే ఆ తొమ్మిది మళ్లీ ముప్ఫై వైపు జరుగుతుంది. ఉపన్యాసాలు అక్కర్లేకుండా రెండు వరుసల లెక్క చెప్పే సంగతిది.

లెక్కకు అందనివీ ఉంటాయి. 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ తీరం నుంచి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర జాలరులు పాకిస్థాన్‌కు చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇంటిదారి పట్టారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాకు ప్రేరణ ఆ సంఘటనే. ఏడాదికి పైగా గుమ్మంలో ఎదురుచూసిన ఇల్లాలి గుబులును ఏ గుర్తుకు ఏ పక్కన వేయగలం? లెక్క దారి చూపిస్తుంది. వెళ్లాలా వద్దా అన్నది మనిషే తేల్చుకోవాలి.

వాయిదా ఎంతవరకు?

తప్పితే అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే లెక్క అప్పుది. 2000లో ప్రపంచబ్యాంకు సాయంతో ఉమ్మడి రాష్ట్రంలోని ఆరు జిల్లాల్లో మొదలైన ‘వెలుగు’ ప్రాజెక్టులో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. పొదుపు సంఘాల్లో పుస్తకాలు రాసుకుంటూ వాయిదా, వడ్డీ లెక్కల్లో ఆరితేరిన మహిళలు ఊరూరా కనిపిస్తారు. ఆ తర్వాత సూక్ష్మరుణ సంస్థలు వచ్చాయి. వారంవారం వాయిదాలు. ఒకదాని బాకీ తీర్చడానికి ఇంకోచోట అప్పు. ఆ ఒత్తిడి ముదిరి ఆత్మహత్యల వార్తలు రావడంతో 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

ఓ ఇంటి సంగతి చూద్దాం. నెలకు రాబడి 12,000. ఇంటిఖర్చు 8,500. సంఘం వాయిదా 1,500. ఇంకో అప్పు తీసుకుంటే దాని వాయిదా ఎంతవరకూ ఉండొచ్చు?

8,500 + 1,500 + వ ≤ 12,000

వ ≤ 2,000. బాగానే ఉంది. కానీ ఆ 12,000 ప్రతి నెలా వస్తుందా? పనుల్లేని నెలలో 10,500 వస్తే... వ ≤ 500! వాయిదా మాత్రం మంచి నెలా చెడ్డ నెలా చూడదు. కాబట్టి లెక్కలో వేయాల్సింది మంచి నెల రాబడిని కాదు, అన్నిటికంటే తక్కువొచ్చే నెల రాబడిని. సంతకం పెట్టేముందు చూసుకోవాల్సిన ఒకే ఒక్క వరుస ఇది.

రిజర్వుబ్యాంకు కూడా ఈ విషయాన్ని అసమీకరణంగానే రాసింది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, ఏడాదికి మూడు లక్షల రూపాయల వరకూ ఆదాయమున్న కుటుంబానికి హామీ లేకుండా ఇచ్చేది సూక్ష్మరుణం. అలాంటి కుటుంబం నెలనెలా కట్టే అప్పుల వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగానికి మించకూడదు. మన లెక్కలో ఆదాయం 12,000 కాబట్టి సగం 6,000. నిబంధన ప్రకారం వాయిదాలు అంతవరకూ ఉండొచ్చు. కానీ ఇల్లు మోయగలిగేది మంచి నెలలో 3,500, చెడ్డ నెలలో 2,000. అంటే చట్టం గీసింది ఊరి పొలిమేర గీత. ఇంటి గీత దానికి చాలా ఇవతల ఉంటుంది. ‘మీకు ఇంకా అర్హత ఉంది’ అని ఎవరైనా చెబితే అది పొలిమేర సంగతి. మన గీత మనమే గీసుకోవాలి.

అప్పు వస్తే గుర్తు తిరుగుతుంది

పిల్లల్ని వేధించే నియమం ఒకటుంది. రుణ సంఖ్యతో గుణించినా భాగించినా గుర్తు తిరగబడుతుందట. ఎందుకు? పుస్తకం చెప్పే కారణం చాలామందికి ఎక్కదు. ఇంటి మాటల్లో చెప్పుకుందాం. చేతిలో 3 రూపాయలున్నవాడి కంటే 5 రూపాయలున్నవాడి పరిస్థితి మెరుగు. 3 < 5. అదే అప్పయితే? మూడు రూపాయల అప్పున్నవాడే మెరుగు! −3 > −5. ఆస్తి అప్పుగా మారగానే వరుస తల్లకిందులైంది. ‘రుణ సంఖ్య’ అన్న పేరులోనే ఉందిగా రుణం!

అమ్మ లెక్కనే ఇంకోలా రాస్తే ఇది తెలుస్తుంది. ఆటోకూ నూనెకూ 200 మిగలాలి. 500 − 70ప ≥ 200. ఇటువైపు 500 తీసేస్తే −70ప ≥ −300. ఇప్పుడు −70తో భాగించి గుర్తు తిప్పితే ప ≤ 4.28. మళ్లీ అదే నాలుగు. గుర్తు తిప్పడం మరిచిపోతే ‘నాలుగు కంటే ఎక్కువ కొనాలి’ అని వస్తుంది. ఆ మాట వింటే అమ్మ నవ్వుతుంది!

కొబ్బరికాయల కుర్రాడు

మరి అమ్మకు నోటికొచ్చిన లెక్క బిడ్డకు కాగితం మీద ఎందుకు రావడంలేదు? ఇది మన ఊళ్ల సమస్యే కాదు. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో సరుకులమ్ముకునే అయిదుగురు పిల్లల్ని ముగ్గురు పరిశోధకులు పరీక్షించారు. 1985లో వెలువడిన అధ్యయనమది. బేరమాడుతూ అడిగితే పిల్లలు చెప్పిన జవాబుల్లో నూటికి 98 సరైనవి. అవే లెక్కల్ని కథలా అడిగితే 74. కేవలం అంకెలుగా ఇస్తే 37! ఓ పన్నెండేళ్ల కుర్రాణ్ని పది కొబ్బరికాయలు ఎంతని అడిగారు. కాయ 35. పక్కన సున్నా పెడితే సరిపోయే లెక్క. అతను మాత్రం మూడు కాయలకు 105, ఇంకో మూడుకు 210... అంటూ పోగేసుకుంటూ 350కి చేరాడు. బడి దారి కాదు, బుట్ట దారి. మన ఉద్దానం కొబ్బరి తోటల్లో కాయలు లెక్కపెట్టేవాళ్లకు ఆ దారి కొత్తేమీ కాదు.

2019 నోబెల్ విజేతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో సహా పలువురు పరిశోధకులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల్ని పరిశీలించి 2025లో ‘నేచర్’ పత్రికలో ఇలాంటి సంగతే చెప్పారు. చిక్కు బేరాల్ని చిటికెలో తేల్చే పిల్లలు బడి లెక్కల దగ్గర ఆగిపోయారు. బడి లెక్కలొచ్చిన పిల్లలు బేరం దగ్గర తెల్లమొహం వేశారు. రెండు చోట్లా తెలివికి లోటులేదు. లేనిదల్లా మధ్యలో వంతెన.

ఆ వంతెన మన దగ్గర ఒకప్పుడు ఉంది. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కను కథగా, మాటగా చెప్పడం మనకు అంత పాత అలవాటు. దాన్ని మళ్లీ మొదలెట్టడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు.

మాటల్లో దాగిన గుర్తులు

* ‘మించకూడదు’, ‘దాటకూడదు’, ‘గరిష్ఠంగా’, ‘మహా అయితే’ అంటే ≤

* ‘కనీసం’, ‘తగ్గకూడదు’, ‘సరిపోవాలి’ అంటే ≥

* ‘లోపే’, ‘కంటే తక్కువ’ అంటే <. ‘దాటితేనే’, ‘కంటే ఎక్కువ’ అంటే >

* ముందు తప్పని ఖర్చులు రాయాలి. తర్వాత ఎన్ని కావాలో తెలియనిదానికి దాని పేరులోని మొదటి అక్షరం పెట్టుకోవాలి. చివర్లో చేతిలో ఉన్న సొమ్ము.

* జవాబు వచ్చాక ఆ సంఖ్యతో ఒకసారి, దానికి ఒకటి కలిపి ఇంకోసారి సరిచూడాలి. మొదటిది సరిపోయి, రెండోది దాటిపోతే ‘గరిష్ఠం’ దొరికినట్టే.

* వారానికోసారి సరుకుల చీటీ పిల్లలతో రాయించాలి. ఏదైనా ధర పెరిగితే ఏది తగ్గించాలో వాళ్లనే అడగాలి.

సాయంత్రం సంతనుంచి తిరిగొచ్చింది అమ్మ. సంచిలో నూనె పేకట్టు, నాలుగు పొట్లాలు, కొత్త పెన్ను. కూతురు ఆ పెన్నుతోనే పుస్తకం తెరిచి పొద్దుటి ప్రశ్న పైకి చదివింది. అమ్మ చివరిదాకా విని ఆశ్చర్యపోయింది.

‘‘ఇదేటే గుంటా, పొద్దున్న నాను సెప్పిందే కదేటి!’’

ఆ పిల్ల కాగితం మీద 40 + 160 అని రాయడం మొదలెట్టింది. ఈసారి పెన్ను ఆగలేదు.